ఇంధనం నింపడం నుంచి టేకాఫ్ దాకా: హెలికాప్టర్ ఇంజిన్ ఆగిపోయే ప్రమాదానికి సిద్ధపడడం ఎలా

హెలికాప్టర్ నేల విడిచిన మొదటి అర నిమిషంలో ఇంజిన్ ఆగిపోతే పైలట్‌కు ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఒకటి రెండు సెకన్లలో చేయి తన పని తాను చేసెయ్యాలి. అందుకే శిక్షణలో ఈ అత్యవసర స్థితిని పదే పదే సాధన చేయిస్తారు. ఇంధనం నింపేటప్పటి జాగ్రత్తలను మాత్రం వేరే పాఠంగా, ఎక్కువ చోట్ల గ్రౌండ్ సిబ్బంది చూసుకోవలసిన వ్యవహారంగా వదిలేస్తారు. ఈ రెండింటినీ కలిపే నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ట్యాంకులో కొత్తగా పోసిన ఇంధనంలో నీరు కలిసినా, అసలు ఆ ఇంధనమే వేరే రకమైనా, ఆ సంగతి వెంటనే బయటపడకపోవచ్చు. గొట్టాల్లో, ఫిల్టర్‌లో మిగిలి ఉన్న పాత ఇంధనంతో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, వేడెక్కుతుంది, ఒక్కోసారి హోవర్ (నేలకు కొద్ది ఎత్తులో కదలకుండా నిలవడం) దాకా కూడా వస్తుంది. సరిగ్గా పూర్తి శక్తి కావలసిన టేకాఫ్ వేళకు చెడ్డ ఇంధనం ఇంజిన్‌కు చేరుతుంది. అప్పటికి హెలికాప్టర్ యాభై అడుగుల ఎత్తున, తక్కువ వేగంతో, ఎటూ దిగలేని స్థితిలో ఉంటుంది. శిక్షణ పొందుతున్న పైలట్లు, గ్రౌండ్ సిబ్బంది, ఎన్నికల సభలకో జాతరలకో తాత్కాలిక హెలిప్యాడ్లు ఏర్పాటు చేసే బాధ్యత ఉన్నవారు దృష్టిలో ఉండగా ఇది రాస్తున్నాను. ఏ హెలికాప్టర్‌కైనా దాని ఫ్లైట్ మాన్యువల్ చెప్పిందే తుదిమాట. ఇక్కడ చెప్పేది ఆ మాన్యువల్‌ను అర్థం చేసుకుని చదవడానికి పనికి వస్తుంది గాని, దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఏ ఇంధనం, ఎంత ఇంధనం

మన దేశంలో తిరిగే హెలికాప్టర్లలో ఎక్కువ భాగం టర్బైన్ ఇంజిన్‌వి కాబట్టి, హెలికాప్టర్ అనగానే ఏటీఎఫ్ (కిరోసిన్ తరహా జెట్ ఇంధనం) పోయాలన్న అలవాటు గ్రౌండ్ సిబ్బందిలో బలంగా ఉంటుంది. ఈ అలవాటులోనే ప్రమాదం ఉంది. రాబిన్సన్ ఆర్44 పిస్టన్ ఇంజిన్‌తో నడుస్తుంది, దానికి ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) కావాలి. అదే కంపెనీ తయారుచేసిన ఆర్66 టర్బైన్‌తో నడుస్తుంది, దానికి ఏటీఎఫ్ కావాలి. దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆర్44లో ఏటీఎఫ్ పడితే, ట్యాంకులో మిగిలిన ఏవ్‌గ్యాస్‌తో కలిసి ఇంజిన్ కొంతసేపు మామూలుగానే నడిచినట్టు కనిపిస్తుంది. పూర్తి శక్తికి తీసుకువెళ్ళగానే సిలిండర్లలో డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి, శక్తి పడిపోతుంది.

అందువల్ల నాజిల్ ట్యాంకు దగ్గరికి రాకముందే మూడు విషయాలు కళ్ళతో చూసి నిర్ధారించుకోవాలి: ట్యాంకు మూత పక్కనున్న గుర్తు, బౌజర్ (ఇంధనం తెచ్చే ట్యాంకర్ బండి) మీద ఉన్న గుర్తు, నాజిల్ మూతి ఆకారం. ఏవ్‌గ్యాస్ గుర్తు ఎర్రగా, జెట్ ఇంధనం గుర్తు నల్లగా ఉంటాయి. ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ లేత నీలం రంగులో ఉంటుంది. ఏటీఎఫ్‌కు రంగు ఉండదు, లేదా ఎండుగడ్డి ఛాయలో ఉంటుంది. రెండూ కలిస్తే నీలం వెలిసిపోతుంది. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి చూడండి: ఏవ్‌గ్యాస్ కాసేపటికి జాడ లేకుండా ఆరిపోతుంది, ఏటీఎఫ్ ఉంటే నూనె మరకలాంటి వలయం మిగులుతుంది.

జెట్ ఇంధనం నాజిల్ మూతిని వెడల్పుగా, బాతు ముక్కులా చేయడానికి కారణం, అది పిస్టన్ ఇంజిన్ ట్యాంకు రంధ్రంలో పట్టకూడదనే. అమెరికా విన్యాసాల పైలట్ బాబ్ హూవర్ నడిపే పిస్టన్ విమానం ష్రైక్ కమాండర్‌లో ఒకసారి ఏవ్‌గ్యాస్‌కు బదులు జెట్ ఇంధనం నింపారు. టేకాఫ్ అయిన కొద్దిసేపటికే రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయాయి. విమానంలోని వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఈ తప్పు మళ్ళీ జరగకుండా ఆపే నాజిల్‌కు, ట్యాంకు మూతి వలయానికి ఆ తరువాత ఆయన పేరే నిలిచింది. అయితే హెలికాప్టర్ల విషయంలో ఈ రక్షణ పూర్తిగా పనిచేయదు. కొన్ని టర్బైన్ హెలికాప్టర్ల ట్యాంకు రంధ్రం చిన్నది కావడంతో వెడల్పు మూతి పట్టదు, అందుచేత సన్నని మూతి బిగించి నింపుతారు. ఆ సన్నని మూతిని తీయడం మరిచిపోయిన బౌజర్ తరువాత ఆర్44 దగ్గరికి వస్తే ఆపే అడ్డు ఏదీ ఉండదు. సన్నని మూతి వాడిన ప్రతిసారీ పని అయిపోగానే దాన్ని విప్పి లోపల పెట్టించండి, పెట్టారో లేదో చూడండి.

పరిమాణం దగ్గర పొరపాట్లు ఎక్కువగా కొలతలు మారడం వల్ల వస్తాయి. బౌజర్ మీటర్ లీటర్లు చూపిస్తుంది, పైలట్ బరువు లెక్క కిలోల్లో ఉంటుంది. 100 లీటర్ల ఏటీఎఫ్ సుమారు 80 కిలోలు, 100 లీటర్ల ఏవ్‌గ్యాస్ సుమారు 72 కిలోలు తూగుతాయి. గేజ్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా, ముందు ఉన్నదానికి పోసినదాన్ని కలిపి, వచ్చిన మొత్తం గేజ్‌తో సరిపోతోందో లేదో చూసుకోవాలి. తేడా వస్తే కారణం తేలేదాకా బయలుదేరకూడదు.

ట్యాంకులో ఇంధనం ఉండడం వేరు, అది ఇంజిన్‌కు చేరడం వేరు. 2013 నవంబర్ 29 రాత్రి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో పోలీసు విభాగానికి సేవలందిస్తున్న ఈసీ135 హెలికాప్టర్ క్లూథా అనే పబ్ పైకప్పు మీద కూలింది. హెలికాప్టర్‌లో ఉన్న ముగ్గురు, పబ్‌లో ఉన్న ఏడుగురు చనిపోయారు. దానికి రెండు ఇంజిన్లు ఉన్నాయి, ప్రధాన ట్యాంకులో 76 కిలోల ఇంధనం కూడా ఉంది. కాని ఆ ట్యాంకు నుంచి ఇంజిన్లకు సరఫరా చేసే చిన్న ట్యాంకుల్లోకి ఇంధనాన్ని తోడే పంపుల స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయి. చిన్న ట్యాంకులు ఖాళీ కాగానే రెండు ఇంజిన్లూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఆ ప్రమాదం జరిగింది టేకాఫ్‌లో కాదు, తిరిగి వస్తుండగా. అయినా పంపులు, వాల్వులు ఏ స్థితిలో ఉన్నాయో చెక్‌లిస్ట్ ప్రకారం చేత్తో తాకి, పైకి చెప్పి నిర్ధారించుకోవాలనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

నీటి పరీక్ష

ఇంధనం కంటే నీరు బరువైనది కాబట్టి ట్యాంకు అడుగుకు చేరుతుంది. రోజూ మొదటి ఎగురుడుకు ముందు, హెలికాప్టర్ కదలకముందే, ట్యాంకు అడుగునున్న డ్రెయిన్ నుంచి నమూనా పట్టాలి. ఇంధనం నింపిన తరువాత కొంతసేపు ఆగి మళ్ళీ పట్టాలి. పోసిన వెంటనే పడితే కలియబెట్టిన నీరు ఇంకా దిగి ఉండదు, పరీక్ష చేసినా చేయనట్టే.

నమూనా పట్టే సీసా పారదర్శకంగా, పొడిగా ఉండాలి. దాన్ని తెల్ల కాగితానికి ఎదురుగా పట్టుకుని గుండ్రంగా తిప్పితే, నీరుంటే సుడి మధ్యకు చిన్న పూసల్లా చేరుతుంది. దుమ్ము, తుప్పు కూడా అక్కడికే వస్తాయి. ఇంధనం తేటగా, మెరుస్తూ ఉండాలి. మసకగా ఉంటే నీరు సన్నని తుంపరలుగా కలిసి ఉందన్నమాట. ఇక్కడ కొత్తవారు మోసపోయే సందర్భం ఒకటి ఉంది. డ్రెయిన్ నుంచి వచ్చినది మొత్తం నీరే అయితే సీసాలో నీటికీ ఇంధనానికీ మధ్య గీత ఏదీ కనిపించదు, పైనుంచి కింది దాకా తేటగానే ఉంటుంది. రంగు, వాసన చూడకుండా గీత కోసం మాత్రమే వెతికేవారు దాన్ని శుభ్రమైన ఇంధనం అనుకుంటారు. ఏటీఎఫ్‌కు రంగు లేదు కాబట్టి ఈ ప్రమాదం దానితోనే ఎక్కువ. అందుకే ఏటీఎఫ్‌కు నీటిని పట్టే క్యాప్సూల్ వాడాలి. సిరంజి మూతికి క్యాప్సూల్ తగిలించి నమూనాను లాగితే, నీరు ఉన్నప్పుడు అందులోని పసుపు కాగితం ఆకుపచ్చకు తిరుగుతుంది. వాడేముందు డబ్బా మీద గడువు తేదీ చూడండి. తేమ తగిలి ముందే రంగు మారిన క్యాప్సూల్‌తో చేసిన పరీక్ష పనికిరాదు.

మారుమూల చోట్ల 200 లీటర్ల డ్రమ్ముల నుంచి నింపవలసి వస్తే శ్రద్ధ ఇంకా పెంచాలి. డ్రమ్మును నిలబెట్టి నిల్వ చేస్తే పైమూత మీద వాన నీరు చేరి, పగటి వేడికి, రాత్రి చలికి డ్రమ్ము ఉబ్బి కుదించుకుంటూ ఆ నీటిని బిరడాల సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే మట్టంలో అడ్డంగా ఉండేటట్టు, అంటే లోపలి ఇంధనం బిరడాలను తడుపుతూ ఉండేటట్టు ఉంచాలి. వాడే ముందు నిలబెట్టి, నీరు, మట్టి దిగేదాకా ఆగాలి. బిరడా ఉన్న వైపు అడుగున చెక్క ముక్క పెట్టి కొద్దిగా ఎత్తితే మలినాలు ఎదుటి వైపుకు చేరుతాయి. పంపు గొట్టం అడుగుకు ఆనకూడదు. ఫిల్టర్ లేని పంపుతో నింపవద్దు. అడుగున మిగిలిన కొద్ది లీటర్ల కోసం ఆశపడవద్దు. సీలు లేని డ్రమ్ము, ఎప్పుడు నింపారో తెలియని డ్రమ్ము ఎంత అవసరమైనా వాడకూడదు.

నిప్పు, విద్యుత్తు, తిరుగుతున్న రోటర్

గొట్టంలో ఇంధనం వేగంగా పారుతున్నప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. మూత తెరిచిన ట్యాంకు దగ్గర ఒక్క చిన్న మెరుపు చాలు. అందుకని వరస తప్పకూడదు. మొదట హెలికాప్టర్ లోహపు భాగానికీ బౌజర్‌కూ బాండింగ్ తీగ (రెండింటి విద్యుత్ స్థాయిని సమం చేసే తీగ) తగిలించాలి, తరువాత నాజిల్ తీగ తగిలించాలి, అప్పుడే ట్యాంకు మూత తీయాలి. ముగించేటప్పుడు మూత బిగించాక నాజిల్ తీగ, చివరికి ప్రధాన తీగ తీయాలి. ప్లాస్టిక్ క్యాన్లు, ప్లాస్టిక్ గరాటులు అసలే వద్దు. సిబ్బంది నైలాన్ దుస్తులకు బదులు నూలు దుస్తులు వేసుకోవాలి. పిడుగులు పడుతున్నప్పుడు పని ఆపాలి.

ఏటీఎఫ్ త్వరగా అంటుకోదన్న నమ్మకం మన వాతావరణంలో చాలా ప్రమాదకరమైనది. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) కనీస హద్దు 38 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నపు గాలి వేడే ఆ హద్దు దాటిపోతుంది, ఎండలో నిలిచిన హెలికాప్టర్ లోహం అంతకన్నా కాలుతూ ఉంటుంది. ఆ వేడిలో ఏటీఎఫ్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. తాత్కాలిక హెలిప్యాడ్ దగ్గర జనం బీడీలు, సిగరెట్లు, ఫోన్లతో గుమిగూడడం మామూలే. నింపే చోటు చుట్టూ తాడు కట్టి, జనాన్ని బాగా వెనక్కి పంపి, మంటలార్పే సిలిండర్‌తో ఒక మనిషిని గాలి వచ్చే వైపు నిలబెట్టాకే పని మొదలుపెట్టండి. వేరే పనేదీ లేని మనిషి అయి ఉండాలి.

రోటర్ తిరుగుతుండగా ఇంధనం నింపడాన్ని, మాన్యువల్‌లోనూ సంస్థ నిబంధనల్లోనూ అనుమతి ఉండి, నిజంగా అవసరమైన చోటే చేయాలి. ఏవ్‌గ్యాస్‌తో ఆ పని పెట్టుకోవద్దు. ప్రయాణికులను ముందే దించి దూరం పంపాలి. పైలట్ కంట్రోల్స్ వదలకూడదు. నింపే మనిషి పైలట్‌కు కనిపించే వైపు నుంచే రావాలి, తోక వైపు ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళకూడదు. వాలు నేల మీద ఎత్తు వైపు రోటర్ రెక్కలు నేలకు దగ్గరగా తిరుగుతాయని అందరికీ ముందే చెప్పాలి.

నింపడం పూర్తయ్యాక పైలట్ స్వయంగా చుట్టూ తిరిగి చూడాలి. బిగించని మూత ఊడితే వెనక రోటర్‌కు తగలవచ్చు. విప్పని బాండింగ్ తీగ ఇంకా పెద్ద ప్రమాదం: ఒక వైపు కట్టి ఉన్న హెలికాప్టర్‌ను పైకి లేపితే, ఆ వైపు స్కిడ్ (నేలకు ఆనే కడ్డీ) ఇరుసులా మారి, కలెక్టివ్ (రోటర్ రెక్కలన్నిటి కోణాన్ని ఒకేసారి మార్చే లివర్) ఎత్తుతున్న కొద్దీ హెలికాప్టర్ ఒరిగి, క్షణాల్లో బోర్లా పడుతుంది.

బయలుదేరే ముందు లెక్క

నింపిన ఇంధనం బరువును పెంచుతుంది, వేడి గాలి శక్తిని తగ్గిస్తుంది. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 1,741 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెలలో 42 డిగ్రీలు ఉందనుకుంటే తేడా 30.5 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే సాంద్రత ఎత్తు (గాలి పలచదనాన్ని బట్టి లెక్కకు వచ్చే ఎత్తు) దాదాపు 5,400 అడుగులు అవుతుంది. అంటే హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న హెలికాప్టర్ ఒక కొండ మీది నుంచి ఎగురుతున్నట్టే లెక్క. ట్యాంకు నిండా నింపి, నలుగురిని ఎక్కించి బయలుదేరాలనుకునే ముందు ఈ సంఖ్యతోనే, ఎంత బరువుతో హోవర్ చేయగలదో చెప్పే హోవర్ పట్టికను చూడాలి.

తరువాత ఎత్తు–వేగం పటాన్ని చూడాలి. దాన్ని పైలట్లు డెడ్ మ్యాన్స్ కర్వ్ అంటారు. ఇంజిన్ ఆగితే క్షేమంగా దిగడానికి ఎత్తుగాని వేగంగాని ఉండాలి, రెండూ లేని ప్రాంతాన్ని ఆ పటం గీతలతో చూపిస్తుంది. నిట్టనిలువుగా వంద అడుగులు లేచి అప్పుడు ముందుకు కదిలే పైలట్, చూసేవారికి ముచ్చటగా కనిపించినా, ఆ ప్రాంతం గుండానే వెళ్తున్నాడు. చుట్టూ చెట్లు, తీగలు, ఫ్లెక్సీలు లేని చోటైతే తక్కువ ఎత్తులో హోవర్ చేసి, నేలకు దగ్గరగా వేగం పుంజుకుని, ఆ తరువాతే ఎక్కాలి. హెలిప్యాడ్‌కు చోటు ఎంపిక చేసే అధికారులు ఈ ఒక్క కారణంతోనైనా గాలికి ఎదురుగా అడ్డంకులు లేని దారి వదలాలి.

ఇంజిన్ ఆగినప్పుడు

ఆర్44 మాన్యువల్ టేకాఫ్ దశను 8 అడుగుల గీతతో రెండుగా విడదీస్తుంది. ఆ రెండింటిలో చేయవలసినవి పరస్పర విరుద్ధం కావడం వల్ల ఈ గీతను బాగా గుర్తుంచుకోవాలి.

8 అడుగుల లోపు, అంటే హోవర్‌లో, ఇంజిన్ ఆగితే కలెక్టివ్‌ను దించకూడదు. దించితే హెలికాప్టర్ రాయిలా నేలను కొడుతుంది. ముక్కు ఎడమకు తిరగబోతుంది కాబట్టి కుడి పెడల్‌తో దాన్ని తిన్నగా ఉంచి, హెలికాప్టర్‌ను దానంతట అది కిందికి దిగనిచ్చి, నేలను తాకబోయే ముందు కలెక్టివ్ ఎత్తి ఆ దెబ్బను మెత్తబరచాలి. రోటర్‌లో మిగిలిన వేగం ఈ ఒక్క పనికే సరిపోతుంది. పైనుంచి చూస్తే రోటర్ సవ్యదిశలో తిరిగే చేతక్, ఏఎస్350 లాంటివాటిలో ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమ పెడల్ కావాలి. ఒక రకం నుంచి మరో రకానికి మారే పైలట్లు నేల మీదే, కళ్ళు మూసుకుని ఈ కాలి కదలికను సాధన చేయాలి.

8 అడుగులకూ 500 అడుగులకూ మధ్య ఆగితే కలెక్టివ్‌ను తక్షణం దించాలి. ఇంజిన్ శక్తి పోగానే రోటర్ వేగం పడిపోతుంది, రెక్కల కోణం తగ్గించకపోతే అవి స్టాల్ అవుతాయి, అంటే గాల్లో నిలిపే బలం కోల్పోతాయి. స్టాల్ అయిన రోటర్‌ను గాల్లో తిరిగి రాబట్టుకోవడం సాధ్యం కాదు. ఆర్44లో రోటర్ వేగం 97 శాతం దగ్గరికి పడిపోగానే హెచ్చరిక హారన్ మోగుతుంది. సుమారు 80 శాతానికి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ మరో 1 శాతం కలిపితే వచ్చే వేగం దగ్గర రోటర్ స్టాల్ అవుతుందని తయారీదారు హెచ్చరిక. ఆ రెండింటి మధ్య దూరమే పైలట్‌కు ఉన్న వ్యవధి. హారన్ విని, ఏమైందా అని గేజ్‌లు చూసి, అప్పుడు దించుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. దించిన తరువాత రోటర్‌ను 97, 108 శాతాల మధ్య నిలుపుతూ, ఉన్న వేగాన్ని కాపాడుకుంటూ నేల దగ్గరపడ్డాక సైక్లిక్‌ను (హెలికాప్టర్‌ను ముందుకు, వెనక్కు, పక్కలకు వంచే కర్రను) వెనక్కి లాగి ఫ్లేర్ చేయాలి, అంటే ముక్కెత్తి వేగం తగ్గించాలి. సుమారు 8 అడుగుల దగ్గర ముందుకు నొక్కి సమంగా చేసి, నేలను తాకబోతుండగా కలెక్టివ్ ఎత్తాలి. ఎటు దిగాలన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఎదురుగా ఉన్న నేలే. తక్కువ ఎత్తులో హెలిప్యాడ్ వైపు వెనక్కి తిప్పబోయి, ఉన్న కాస్త వేగాన్నీ పోగొట్టుకోవద్దు.

రెండు ఇంజిన్ల హెలికాప్టర్‌లో నిర్ణయం టేకాఫ్‌కు ముందే జరగాలి. ‘కేటగిరీ-ఎ’ అనే పద్ధతిలో (ఒక ఇంజిన్ ఆగినా క్షేమంగా దిగడానికో ఎగరడానికో వీలుండే పద్ధతి) నిర్ణయ బిందువు ఒకటి ఉంటుంది: దానికి ముందు ఒక ఇంజిన్ ఆగితే హెలిప్యాడ్ మీదికే దిగాలి, దాటాక ఆగితే రెండో ఇంజిన్‌తో వేగం పుంజుకుని ఎక్కాలి. ఇరుకు హెలిప్యాడ్ల నుంచి కొందరు పైలట్లు వెనక్కి జరుగుతూ పైకి లేవడం చూసి జనం ఆశ్చర్యపోతుంటారు. దిగవలసి వస్తే ఆ చోటు కంటికి ఎదురుగా ఉండాలనే అలా చేస్తారు. బరువు మించిపోయిన రోజున, వేడి ఎక్కువగా ఉన్న రోజున, రెండో ఇంజిన్ హెలికాప్టర్‌ను నిలబెట్టలేకపోవచ్చు. ఆ బిందువు ఎంత ఎత్తో, ఆగితే ఎటు దిగుతామో, బయలుదేరే ముందు పక్క పైలట్‌కు వినబడేలా చెప్పుకోవాలి.

దిగిన తరువాత

నేల మీదికి వచ్చాక ఇంధన వాల్వు, బ్యాటరీ ఆపాలి. మంట లేనంతవరకు రోటర్ పూర్తిగా ఆగేదాకా ఎవరినీ దిగనివ్వకూడదు. గట్టిగా కొట్టుకుని దిగిన హెలికాప్టర్‌లో రెక్కలు మామూలుకంటే కిందికి వంగి తిరుగుతూ ఉండవచ్చు. ఆర్44లలో, ప్రాణం తీయనంత దెబ్బ తగిలినా ట్యాంకు పగిలి మంటలు చెలరేగిన సందర్భాలు ఉండబట్టే, రబ్బరు సంచిలాంటి లోపలి ట్యాంకులు అమర్చాలని తయారీదారు 2010లో సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. పాత ఆర్44 ఎక్కేవారు ఆ మార్పు జరిగిందా అని అడగడంలో తప్పు లేదు.

మనుషులు క్షేమమని తేలగానే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఆ హెలికాప్టర్‌లో ఇంధనం పోసిన బౌజర్‌ను లేదా డ్రమ్మును వెంటనే పక్కన పెట్టి సీలు వేయాలి. బౌజర్ నుంచీ, హెలికాప్టర్ డ్రెయిన్ నుంచీ వేర్వేరు శుభ్రమైన సీసాల్లో నమూనాలు పట్టి, తేదీ, సమయం, పట్టినవారి సంతకంతో భద్రపరచాలి. హెలికాప్టర్‌ను కదిలించడం, నమూనాలు తీయడం దర్యాప్తు అధికారుల అనుమతితోనే జరగాలి. అదే బౌజర్ నుంచి ఆ రోజు ఇంధనం తీసుకున్న మిగతా హెలికాప్టర్లు, విమానాల జాబితా చూసి, నేల మీద ఉన్నవాటిని ఆపాలి, గాల్లో ఉన్నవాటి పైలట్లకు కంట్రోల్ టవర్ ద్వారా కబురు చేయాలి.